సీపీయూ చల్లగా ఉందంటే నమ్మేయడమేనా?

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. కాణిపాకంలో మా మిద్దె మీద గది. ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తిప్పుతోంది. గదిలో ఎంత లేదన్నా 38 డిగ్రీలుంటుంది. నేను సొంతంగా బిగించుకున్న కంప్యూటర్ మాత్రం ప్రాసెసర్ ఉష్ణోగ్రత 27 డిగ్రీలని చూపిస్తోంది. నాకు భలే సంతోషం. మన కూలర్ అదిరిందిలే అనుకున్నా.

మా ఊళ్లో ఎవరైనా నమ్మలేని మాట చెబితే 'వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా?' అని అడుగుతారు. ఆ మాటతో చాలా తగవులు గుడి దాకా వెళ్లకుండానే తేలిపోతాయి. ఆ రోజు ఆ 27ని కూడా నేను అలా నిలదీసి ఉండాల్సింది.

ఎందుకంటే అది అసాధ్యం. మట్టికుండలో నీళ్లు గది కంటే చల్లగా ఉంటాయి, నిజమే. కుండ పైకి ఊరే నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి. ప్రాసెసర్ మీద ఉన్న ఫ్యాను అలా కాదు. గదిలో గాలినే తీసి ఊదుతుంది. ఎంత ఖరీదైన కూలరైనా, మామూలు నీళ్ల కూలరైనా ప్రాసెసర్‌ని గది ఉష్ణోగ్రత దగ్గరికి తేగలదు కానీ అంతకంటే కిందికి దించలేదు. బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్న నాకు ఈ చిన్న విషయం తట్టలేదు.

2017 సంగతి ఇది. మామిడికాయ తోలిన డబ్బుల్లోంచి నాయన ఇచ్చిన మొత్తంతో చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి, ఒక్కో దుకాణం తిరిగి, సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్, ఉన్నవాటిలో చవకైన మదర్‌బోర్డు తెచ్చుకున్నా. కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ని నడపడమే ఓవర్‌క్లాకింగ్. 3.5 గిగాహెర్ట్జ్‌ని 4.3కి లాగా. దానికోసం వోల్టేజీ పెంచా. లోడ్ పెట్టినా ఉష్ణోగ్రత 52 దాటలేదు. ఇంకేం, హాయిగా వదిలేశా. మూడో రోజు రాత్రి కాలిన వాసన. ప్రాసెసర్ పక్కనే మదర్‌బోర్డు మీద నల్లటి మచ్చ. ప్రాజెక్టు రివ్యూకి అప్పటికి తొమ్మిది రోజులే ఉంది. తప్పు అమ్మినవాడిదీ కాదు, చేసినవాడిదీ కాదు. నాదే. 'ఏమప్పా, అంత డబ్బు పెట్టి కొన్నది అప్పుడే పోయిందా?' అని నాయన ఒక్కసారే అడిగాడు. ఆ మాటకి జవాబు వెతుక్కుంటూనే సెన్సర్ల గురించి చదవడం మొదలెట్టా.

బెల్లం పాకం లెక్క

ప్రాసెసర్ లోపల చిన్న థర్మామీటర్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండేది సిలికాన్ మీదే చెక్కిన డయోడ్ లాంటి భాగం. వేడెక్కేకొద్దీ దాని రెండు కొసల మధ్య వోల్టేజీ తగ్గుతుంది, డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టులు. ఆ తేడాని అంకెగా మార్చి చూపిస్తారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇంటెల్ చిప్‌లలో ఆ సెన్సర్ 'నేను ఇన్ని డిగ్రీల వేడిలో ఉన్నా' అని చెప్పదు. 'నా హద్దుకి ఇంకా ఇన్ని డిగ్రీల దూరంలో ఉన్నా' అని చెబుతుంది. ఆ హద్దు పేరు టీజే మ్యాక్స్. చాలా ఇంటెల్ చిప్‌లకి అది 100 డిగ్రీలు. సాఫ్ట్‌వేర్ వందలోంచి ఆ దూరాన్ని తీసేసి మిగిలింది మనకి చూపిస్తుంది. హద్దు ఎంతో సాఫ్ట్‌వేర్‌కి తప్పుగా తెలిస్తే చూపించే అంకె కూడా తప్పే. కోర్ 2 చిప్‌ల రోజుల్లో సరిగ్గా ఇదే జరిగింది. 2008లో ఇంటెల్ ఆ విలువలు బయటపెట్టేదాకా సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లు ఊహించి వేసుకున్నారు. ఒకే చిప్‌కి ఒక ప్రోగ్రాంలో ఒకటి, ఇంకో ప్రోగ్రాంలో ఇంకొకటి కనిపించేది.

చిత్తూరు వైపు బెల్లం గానుగ దగ్గర నిలబడినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెనం దగ్గర పాకం చూసే మనిషిని 'ఇప్పుడు వేడి ఎంతుంది మామా?' అని అడిగి చూడండి. నవ్వుతాడు. దించడానికి ఇంకా ఎంతసేపు పడుతుందో అడిగితే మాత్రం చెబుతాడు. రసం అప్పుడప్పుడే కాగుతున్నప్పుడు ఆయన లెక్క ఉజ్జాయింపే. అక్కడ పొరపాటు పడినా నష్టం లేదు. దించే సమయం దగ్గర పడ్డాక మాత్రం చన్నీళ్లలో చుక్క వేసి, వేళ్ల మధ్య నొక్కి కచ్చితంగా తేలుస్తాడు. ప్రాసెసర్ సెన్సర్ కూడా అంతే. హద్దు దగ్గరే సరిగ్గా చెప్పేలా దాన్ని తయారుచేస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు చూపించే 27, 30 లాంటి అంకెల్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఏఎండీ పాత ఎఫ్‌ఎక్స్ చిప్‌లు గది కంటే తక్కువ అంకె చూపించి ఎంతోమందిని తికమక పెట్టడానికి కారణం కూడా ఇలాంటిదే.

తిరకాసు ఇంకోవైపు కూడా ఉంటుంది. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు ఉన్నదాని కంటే 20 డిగ్రీలు ఎక్కువ చెప్పేవి. వేర్వేరు మోడళ్లలో ఫ్యాన్లు ఒకే పద్ధతిలో తిరగాలని ఏఎండీ కావాలనే అలా పెట్టింది. ఆ సంగతి తెలియనివాళ్లు మంచి కూలర్లని కూడా పీకేసి మార్చుకున్నారు.

మన ఎండ, వాళ్ల ఏసీ

కొత్త కంప్యూటర్ బిగించాక చాలామంది చేసేది యూట్యూబ్ రివ్యూలో అంకెతో పోల్చుకోవడం. ఆ పరీక్షలు సాధారణంగా 21 నుంచి 25 డిగ్రీల గదిలో చేస్తారు. 24 డిగ్రీల గదిలో 70 చూపించిన ప్రాసెసర్ గది కంటే 46 డిగ్రీలు ఎక్కువ ఉన్నట్టు. అదే కూలరు, అదే పని, మే నెలలో మన 40 డిగ్రీల గదిలో అయితే 86 దగ్గర ఉంటుంది. కూలరేమీ పాడవలేదు. కాబట్టి రివ్యూ చూసేటప్పుడు గదికీ ప్రాసెసర్‌కీ మధ్య తేడా ఎంతో చూసుకోండి. రైజెన్ 7000 చిప్‌లైతే బరువైన పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారుచేశారు. ఆ అంకె చూసి కంగారు పడనక్కర్లేదు. హద్దు చేరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ తగ్గడం కనిపిస్తోందంటే మాత్రం ఓవర్‌క్లాక్ ఆలోచన అక్కడే ఆపేయండి. ఒక చేత్తో పెంచి ఇంకో చేత్తో తగ్గించుకున్నట్టు ఉంటుంది.

ఇంతకీ నా బోర్డు ఎందుకు కాలింది? నేను చూస్తున్న అంకె ప్రాసెసర్‌ది. కాలింది దానికి కరెంటు సర్దే వీఆర్‌ఎం. చవక బోర్డు కావడంతో దానికి వేడి లాగే అల్యూమినియం రేకు కూడా లేదు. దాని వేడి కొలిచే సెన్సరే లేదు.

చిప్ వాడే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. 4.2 గిగాహెర్ట్జ్, 1.25 వోల్టుల నుంచి 4.4కి వెళ్లడానికి 1.375 వోల్టులు ఇచ్చారనుకోండి. వేగం పెరిగింది 5 శాతం లోపే. కరెంటు వాడకం దాదాపు 27 శాతం పెరిగింది. ఆ భారమంతా వీఆర్‌ఎం మీద, పవర్ సప్లై మీద, మన ఊళ్లలో అయితే 600 వీఏ యూపీఎస్ మీద పడుతుంది. దాని సామర్థ్యం సుమారు 360 వాట్లే.

వేడి అదుపులో ఉన్నంత మాత్రాన అన్నీ బాగున్నట్టూ కాదు. 13, 14 తరాల కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారడానికి, అవసరానికి మించి వోల్టేజీ అడుగుతున్న మైక్రోకోడ్ ఒక కారణమని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. వారంటీ రెండేళ్లు పెంచింది. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కాలిపోయినప్పుడు కూడా చర్చ వోల్టేజీ మీదే నడిచింది. ఆ తర్వాత ఎస్‌ఓసీ వోల్టేజీ 1.3 దాటకుండా కట్టడి పెట్టారు. మీ దగ్గర ఈ తరాల చిప్ ఉంటే ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోండి, మిగతావన్నీ తర్వాత.

మరి ఓవర్‌క్లాక్ చేయొద్దా? నేనైతే మొదట దానికి తిరగలి పని చెబుతా. వేగం అలాగే ఉంచి వోల్టేజీ కొంచెం కొంచెంగా తగ్గించి చూడండి. దీన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. రైజెన్ 5000 నుంచి వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్ ఇందుకే. తప్పు చేస్తే కంప్యూటర్ హ్యాంగ్ అవుతుంది, అంతే, ఏదీ కాలదు. మన వేసవిలో దీనివల్ల వచ్చే లాభం ఓవర్‌క్లాక్ కంటే ఎక్కువని నా అనుభవం. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో పెట్టుకుని ప్రాసెసర్, వీఆర్‌ఎం, వేగం మూడూ పక్కపక్కనే చూస్తూ, సినీబెంచ్ పది నిమిషాలు నడిపి, కనిపించిందంతా నోట్‌బుక్‌లో రాసుకోండి. గది ఉష్ణోగ్రత కూడా.

ఆ నోట్‌బుక్ అలవాటు నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. క్యాంపస్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో నా రెజ్యూమేలో 'పీసీ బిల్డింగ్' చూసి 'ఆ సెన్సర్ నిజం చెబుతోందని నీకెలా తెలుసు?' అని అడిగారు. కాలిన బోర్డు కథంతా చెప్పా. చిప్ తయారై వచ్చాక దాన్ని వేడిలో, చలిలో, వేర్వేరు వోల్టేజీల దగ్గర పరీక్షించే పనిని పోస్ట్ సిలికాన్ వ్యాలిడేషన్ అంటారు. హైదరాబాద్, బెంగళూరుల్లో చిప్ కంపెనీల కేంద్రాల్లో ఈ పని ఉంటుంది. ఈసీఈ వాళ్లకే కాదు, ఉష్ణ బదిలీ బాగా వచ్చిన మెకానికల్ వాళ్లకీ సర్వర్లు, డేటా సెంటర్ల కూలింగ్ వైపు దారి ఉంది. ఎన్‌పీటీఈఎల్‌లో ఈ పాఠాలు ఉచితంగా చూడొచ్చు. పైథాన్‌లో ఒక లాగ్ ఫైల్ చదివి గ్రాఫ్ గీయడం వస్తే ఇంకా మంచిది.

మొన్న ఊరికెళితే మా పిన్ని కొడుకు కొత్త కంప్యూటర్ చూపించి 'అన్నా, 5 గిగాహెర్ట్జ్ లాగుదామా?' అన్నాడు. వాడి చేతిలో ఒక గోడ థర్మామీటర్ పెట్టా. రాత్రంతా కంప్యూటర్ ఆపేసి, పొద్దున్నే ఆన్ చేయగానే బయోస్‌లో కనిపించే అంకె, గది అంకె రెండూ పంపమన్నా. మర్నాడు ఆరింటికి మెసేజ్ వచ్చింది: గది 29, బయోస్ 37. 'ఇది అబద్ధం ఆడట్లేదులే అన్నా, మధ్యాహ్నం ఎండలో కూడా చూసి చెప్తా' అని కింద రాశాడు.