శేషం వెండితెర మీద... ఆ తెర ఎక్కడ?

ముందుగా మీకో చిన్న పరీక్ష. తొలి తెలుగు టాకీ ఏది?

"ఇదీ ఒక ప్రశ్నేనా అప్పా? భక్త ప్రహ్లాద!" అని ఆదోని బస్టాండులో ఉగ్గాని బజ్జీ తింటున్న కుర్రాడు కూడా ఠక్కున చెప్పేస్తాడు. దర్శకుడెవరు? హెచ్.ఎం. రెడ్డి. శభాష్! మరి ఏ రోజు విడుదలయింది?

ఇక్కడే ఉంది తిరకాసు. 1931 సెప్టెంబర్ 15 అని ఏళ్ళ తరబడి రాసుకున్నాం, చదువుకున్నాం. తెలుగు సినిమా పుట్టినరోజంటూ ఆ తేదీన సభలు కూడా జరుపుకున్నాం. తీరా చూస్తే ఆ బొమ్మ సెన్సారయిందే 1932 జనవరి 22న! తొలిసారి తెరకెక్కింది అదే సంవత్సరం ఫిబ్రవరి 6న, అదీ బొంబాయిలో. సెన్సారు కాని బొమ్మ నాలుగు నెలల ముందే ఎలా ఆడుతుందండీ? ఈ సంగతి సాక్ష్యాలతో సహా బయటపెట్టినవారు పాత్రికేయులు రెంటాల జయదేవ. ఆయన నమ్ముకున్నది ఏ పెద్దాయన జ్ఞాపకాన్నో కాదు. ఆనాటి పత్రికల్ని, రికార్డుల్ని.

నాలుగున్నర నెలల తేడాలో ఏముందిలే అంటారా? చాలా ఉంది. హెచ్.ఎం. రెడ్డిగారే తీసిన 'కాళిదాస్' 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదలయింది. అందులో ఆ పాత్ర తమిళం మాట్లాడితే ఈ పాత్ర తెలుగు మాట్లాడుతుంది! పాత తేదీ నిజమైతే దక్షిణాదిలో మన ప్రహ్లాదుడే పెద్దన్న. కొత్త తేదీ ప్రకారం తమ్ముడు. తమ్ముడైనంత మాత్రాన ముద్దు తగ్గదు గానీ, లెక్క లెక్కే కదా!

ఇలాంటి లెక్కలు తేల్చే కాగితాలు దాచిపెట్టే చోటు ఒకటుంటుంది. దాన్ని పరిశోధన గ్రంథాలయం అంటారు. పేరు వినగానే పారిపోకండి. మన ఊరి లైబ్రరీలో డిటెక్టివ్ నవల తెచ్చుకున్నట్టు అక్కణ్ణుంచి పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి వీల్లేదు. అక్కడే కూర్చుని చదువుకోవాలి. అంతే తేడా. సినిమా కళకు అలాంటి చోటు మన దేశంలో ముఖ్యంగా పుణెలో ఉంది. ఆదోనివాళ్ళ అదృష్టం చూడండి... ఆ పుణె మన రైలు పట్టాల మీదే ఉంది!

మద్రాసు రైల్వే, బొంబాయి నుంచి వచ్చే జి.ఐ.పి. రైల్వే 1871లో రాయచూరులో చేతులు కలిపాయి. ఆ దారిలోనే మన ఆదోని. ఎమ్మిగనూరు వాళ్ళు బస్సులో ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో వచ్చి ఎక్కాలి. రాయచూరు, వాడి, గుల్బర్గా, షోలాపూరు దాటితే పుణె. అదే పట్టాల మీద రెండో వైపు వెళితే మద్రాసు. అంటే బొంబాయిలో తొలి ఆట ఆడిన ప్రహ్లాదుడికీ, మద్రాసులో తొలి ఆట ఆడిన కాళిదాసుకీ నడుమన ఉన్నది మన ఊరన్నమాట!

పుణె లా కాలేజీ రోడ్డులో జాతీయ ఫిలిం ఆర్కైవ్ ఉంది. 1964లో పెట్టారు. 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపారు. పాత ప్రభాత్ స్టూడియోలో వెలసిన ఫిలిం ఇన్‌స్టిట్యూట్ కూడా ఆ రోడ్డులోనే. ఆర్కైవ్ అనగానే రీళ్ళ డబ్బాలే గుర్తొస్తాయి. కానీ అక్కడ పుస్తకాలు, సినిమా పత్రికలు, వాల్ పోస్టర్లు, స్టిల్సు, పత్రికల కత్తిరింపులు, పాటల పుస్తకాలు కూడా భద్రంగా ఉన్నాయి. ఇంత కూడబెట్టడం వెనక పి.కె. నాయర్ అనే ఒక సినిమా పిచ్చాయన ఉన్నారు. (పిచ్చి అని ముద్దుగానే అంటున్నాను సుమండీ!) 1965లో చిన్న ఉద్యోగిగా చేరి, 1982లో డైరెక్టరై, 1991లో రిటైరయ్యేనాటికి పన్నెండు వేల దాకా సినిమాలు పోగుచేశారు. ఊరూరా తిరిగి పాత ఇళ్ళ తలుపులు తట్టారు. 2016లో కన్నుమూశారు. ఆయన మీద 2012లో 'సెల్యులాయిడ్ మ్యాన్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. దొరికితే వదలకండి.

అంత కష్టపడినా చేజారినవే ఎక్కువ. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) లేదు. 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటూ లేదు. పాతకాలపు నైట్రేట్ ఫిలిం అగ్గిపుల్లలాంటిది. 2003లో పుణెలోనే నిప్పంటుకుని ఎన్నో నైట్రేట్ రీళ్ళు బూడిదయ్యాయి. మలయాళం మూకీ 'మార్తాండవర్మ' బతికి బట్టకట్టిన కథ మరీ విచిత్రం. నవల హక్కులు కొనకుండా తీశారని పుస్తక ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. బొమ్మ ఆగిపోయి, ప్రింటు పుస్తకాల కొట్టువారి చేతికి చిక్కింది. హాయిగా ఊళ్ళు తిరిగి ఆడిన బొమ్మలు అరిగి పోయాయి. కేసులో ఇరుక్కున్న బొమ్మ మాత్రం మిగిలిపోయింది!

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాటల పుస్తకం!

హాలు బయట అణాలకు, తర్వాత పైసలకు అమ్మిన ఆ పల్చటి పుస్తకం మీ తాతయ్యల ట్రంకుపెట్టెలో ఉండే ఉంటుంది. అట్ట మీద హీరో హీరోయిన్లు, లోపల నటీనటుల పేర్లు, పాటలు, కథాసంగ్రహం. ఆ కథ రాసిన మహానుభావులు ఎంత గడుసువాళ్ళంటే, హీరోయిన్ కష్టాల కడలిలో పడగానే ఠక్కున ఆపేస్తారు. 'శేషం వెండితెర మీద చూడండి' అంటారు! టిక్కెట్లు తెగడానికి అదో చిట్కా. ఆ రోజు నవ్వుకుని లోపలికెళ్ళి చూసేవాళ్ళు. ఇవాళ సినిమా మాయమై పుస్తకం ఒక్కటే మిగిలిన బొమ్మల సంగతి ఆలోచించండి. కథ సగంలో నిలబడి ఉంది. మిగతా సగం చూపించే తెర ఏ ఊళ్ళోనూ లేదు. దాన్ని పూరించాలంటే ఆనాటి పత్రికలో ఏ విమర్శకుడో "చివర్లో నాయిక చచ్చిపోవడం బాగాలేదు" అని రాసిన ఒక్క వాక్యం దొరకాలి. పరిశోధన అంటే ఇదే. పెద్ద మాటలేం లేవు.

సరే, వెళ్ళాలనుకున్నారు. ఎలా? "ఎన్.టి.ఆర్. గురించి ఏమున్నాయో అన్నీ చూపించండి" అంటే లైబ్రేరియన్ బెదిరిపోతాడు. లేదా మిమ్మల్నే బెదరగొడతాడు! ఏ బొమ్మ, ఏ సంవత్సరం, ఏం తెలుసుకోవాలి... ఈ మూడూ ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోండి. సంవత్సరం ఎందుకంటే, ఉత్త 'భక్త ప్రహ్లాద' అంటే 1932దా, 1942దా, 1967దా? 'లవకుశ' 1934లోనూ ఉంది, 1963లోనూ ఉంది. పైగా కేటలాగులో మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ప్రహ్లాదలో ఒక గుమాస్తా ఒక అక్షరం ఎక్కువ వేస్తాడు, ఇంకో గుమాస్తా ఒకటి మింగేస్తాడు. ఒక స్పెల్లింగుకు దొరక్కపోతే లేదనుకుని లేచి రాకండి, నాలుగు రకాలుగా వెతకండి. దర్శకుడి పేరుతో కూడా అడగండి.

బయల్దేరే ముందు ఉత్తరమో ఫోనో తప్పనిసరి. అది ప్రభుత్వ సంస్థ, సెలవులుంటాయి. రైలు దిగి తాళం చూసి తిరిగొస్తే మంత్రాలయం దర్శనమైనా దక్కుతుంది గానీ, పని మాత్రం కాదు. గుర్తింపు కార్డు, కాలేజీవాళ్ళయితే లెక్చరరుగారి చేత ఓ ఉత్తరం, ఒక పెన్సిలు పట్టుకెళ్ళండి. పాత కాగితాల పక్కన పెన్ను ఎవరికీ నచ్చదు. ఒక్క చుక్క పడితే పోదు కదా! ఫోటో తీసుకోవాలంటే ముందు అడగాలి. మనకిష్టమైన తార స్టిల్లు కనబడితే చెయ్యి ఊరుకోదు, నాకూ తెలుసు. అయినా సరే!

దొరికిన కాగితాన్ని వెంటనే నమ్మేయకండి. ఎమ్మిగనూరు నేతగాళ్ళకు నేను చెప్పాలా? పడుగు ఒక్కటే ఉంటే గుడ్డ కాదు, పేక పడాలి. పత్రికలో "రేపే విడుదల" అనే ప్రకటన పడుగు. డబ్బా అందక రేపు కాస్తా ఎల్లుండయిన సందర్భాలు ఎన్ని లేవు! బొమ్మ నిజంగా ఆడిందని చెప్పే వార్తో, విమర్శో దొరికితేనే పేక పడినట్టు. అభిమాన సంఘాల తమ్ముళ్ళకు ఇది మరీ ముఖ్యం. "మా హీరో బొమ్మ వంద రోజులు ఆడింది" అని చొక్కాలు చించుకునే ముందు, ఆ వంద రోజుల ప్రకటన వేయించింది ఎవరో చూడండి. నిర్మాతే కదా!

మన ప్రాంతం వాళ్ళకు ఒక కిటుకు ప్రత్యేకంగా చెప్పాలి. పాత రికార్డుల్లో ఆదోని సంగతులు కర్నూలు జిల్లా కింద వెతికితే దొరకవు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అంతకు ముందటి హాలు లైసెన్సయినా, నాటకం కంపెనీ వార్తయినా బళ్ళారి కింద చూడాలి. 'రైతుబిడ్డ' (1939)లో నటించిన బళ్ళారి రాఘవగారు ఆ రోజుల్లో మన జిల్లా మనిషే! ఇప్పటికీ సినిమా వ్యాపారంలో మన ఏరియాను 'సీడెడ్' అంటారు కదా. 1800లో నిజాం కంపెనీవాళ్ళకు ధారపోసిన జిల్లాలని దాని అర్థం. బళ్ళారి కూడా అందులోదే. జిల్లా గీతలు మారిపోయాయి గానీ, కలెక్షన్ల పుస్తకంలో ఆ మాట మారలేదు.

పుణె దూరమనుకుంటే మద్రాసు వైపు బండెక్కండి. తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. ముత్తయ్య చెట్టియార్ సైన్‌బోర్డులు రాసుకునే చిత్రకారుడు. పాత పుస్తకాలు, కాగితాలు ఇంటి నిండా పోగేశాడు. ఆయన పోయాక ఆ సేకరణను చికాగో విశ్వవిద్యాలయం కొని, 1994లో మద్రాసులోనే గ్రంథాలయంగా నిలబెట్టింది. అక్కడ ఎక్కువగా తమిళమే. కానీ తెలుగు సినిమా పెరిగింది ఆ మద్రాసులోనే కాబట్టి, వెతికే ఓపిక ఉండాలి. పాత తెలుగు పత్రికల సంపుటాలు కావాలంటే 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనం ఉండనే ఉంది.

అయితే ఈ లైబ్రరీలన్నీ తిరిగినా దొరకనిది ఒకటుంది. మన ఊరి హాళ్ళ కథ. జట్కాలో మైకు పెట్టి పంచిన రంగు నోటీసులు, నేల టిక్కెట్టు ముక్కలు, జాతరకు వచ్చిన టూరింగ్ టాకీసు కరపత్రాలు... ఇవి ఎవరు దాచారు? ఇల్లు సున్నం కొట్టించినప్పుడల్లా కిలోల లెక్కన పాత పేపర్ల కొట్టుకు వెళ్ళి, బొరుగుల పొట్లాలయిపోయాయి. మిగిలినవి ఇంకా కొన్ని అటకల మీద ఉన్నాయి.

కాబట్టి ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్ళేలోగా ఓసారి అటక ఎక్కండి. పాటల పుస్తకం దొరికితే గమ్ టేపు అంటించకండి, ప్లాస్టిక్ కవర్లో బిగించకండి. మంచి కాగితం కవర్లో, ఎండ తగలని చోట పెట్టండి. ఆ బొమ్మ ఏ హాల్లో, ఏ పండక్కి, ఎవరితో చూశారో అవ్వనో తాతనో అడిగి, విడిగా ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి కవర్లో వేయండి. చీటీ కింద తేదీ వేయడం మరిచిపోవద్దు... సెప్టెంబర్ 15 గొడవ మళ్ళీ మనకెందుకు!