దుమ్ములగొండి సంసారము

దుమ్ములగొండి పేరు చెప్పగానే ముఖము చిట్లింపనివారు అరుదు. పీనుగులను తిను పాడు జంతువని దానికి చెడ్డపేరు వచ్చినది. సోదరీమణులారా, దాని సంసారమును కొంచెము తెలిసికొన్నచో ఆ నింద ఎంతవరకు తగునో మీకే తోచును.

దుమ్మనగా ఎముక. పెద్ద మృగములు తిని విడిచిన కళేబరమున మిగులు గట్టి యెముకలను విరుగగొరికి, లోని మూలుగుతో గూడ మ్రింగి జీర్ణించుకొనగల శక్తి దీనికి గలదు. ఊరి వెలుపల చచ్చిపడిన పశువును కుళ్ళనీయక శుభ్రము చేసిపోవు ప్రాణులలో నిదియొకటి. మాంసమే గాక పుచ్చకాయలు, ఖర్జూరములు కూడ తినును.

చూచుటకు కుక్కవలె నుండును గాని, శాస్త్రజ్ఞుల లెక్కలో నిది పిల్లులకును ముంగిసలకును దగ్గరి చుట్టము. ముందుకాళ్ళు పొడుగు, వెనుకకాళ్ళు పొట్టి; బూడిదవన్నె మేనిపై నల్లని చారలు. శత్రువెదురైనపుడు వీపుమీది జూలు నిక్కించి తన్ను పెద్దదిగా జూపుకొనును. కుక్కలు చుట్టుముట్టినచో చచ్చినట్లు పడియుండుటయు గలదు. ఇట్టి పిరికిదానిని గూర్చి ఎన్ని భయంకరపు కథలు! నవ్వునని ప్రసిద్ధి కెక్కినది ఆఫ్రికాలోని మచ్చల దుమ్ములగొండి. చారలది చాలవరకు మౌనముగనే యుండును.

ఉత్తరాఫ్రికా, అరేబియాలు మొదలు మనదేశమువరకు ఎండుభూములలో నిది నివసించును. రాయలసీమ, తెలంగాణములలోని రాతిగుట్టల సందులలోను కాపురముండును.

గర్భము సుమారు 90 దినములు. కాన్పునకు సాధారణముగా ఒకటి మొదలు నాలుగువరకు పిల్లలు. కన్నులు మూసికొనియే పుట్టి, వారము దాటిన పిదప తెరచును. చారలు మాత్రము పుట్టుకతోనే వచ్చును. నెలనాటికి మాంసము రుచిచూచినను తల్లి పాలు మాన్పదు; పది, పండ్రెండు మాసములవరకు నిచ్చుచునే యుండును. అన్నప్రాశనమైనను పాలు విడువని మన బిడ్డలవలెనే గదా! రాత్రి యెంతో దూరము తిరిగి, దొరికిన తునకను నోట గరచుకొని గుహకు తెచ్చును. గుహవాకిట పేరుకొన్న యెముకలను చూచి జనులు జడియుదురు. అది పిల్లలు భుజించిన చోటు.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము మనదేశమున దీనికి రక్షణ కల్పించినది. ఐనను రాళ్ళకొరకు గుట్టలను పగులగొట్టుటచే గుహలు పోవుచున్నవి. అంతకన్న ఘోరమైనది విషము. మేకను చంపిన చిరుతపై కసితో కొందరు ఆ కళేబరమునకు విషము పూయుదురు. చిరుత మరల వచ్చునో రాదో గాని, వాసన పట్టి వచ్చిన దుమ్ములగొండి దానిని తిని చచ్చును. తల్లి అట్లు పోయినచో, పాలు మానని పిల్లలు గుహలోనే ఆకలిచే మడియును.