చలికాలంలో పెట్టలు గుడ్లెందుకు తగ్గిస్తాయి?



మార్గశిరం వచ్చేసరికి పెరటి కోళ్లు గుడ్లు తగ్గించేస్తాయి. "ముసలిదైపోయింది, సంతలో అమ్మేద్దాం" అనుకుంటారు చాలామంది. అమ్మేముందు ఒక్క మాట వినండి. లోపం పెట్టలో కాదు, పొద్దులో ఉండవచ్చు.

మనవైపు చలి కోడికి పెద్ద లెక్క కాదు. దాని ఒంటినిండా ఈకలున్నాయి. అసలు తగ్గేది వెలుతురు. జూన్‌లో బరంపురంలో పగలు 13 గంటల పైమాటే. డిసెంబరు చివరికి 11 గంటలే. బళ్లారిలోనూ 13 గంటల పగలు 11 గంటల పావుకు దిగుతుంది.

వెలుతురు కంటి ద్వారానే కాక, పలచని పుర్రె గుండా కూడా కోడి మెదడుకు చేరుతుంది. దాంతో మెదడు అడుగునున్న పీయూష గ్రంథి హార్మోన్లు వదులుతుంది. వాటి వల్లే కడుపులో సొన పెరిగి గుడ్డు తయారవుతుంది. పగలు కురచైతే ఆ హార్మోన్లూ తగ్గుతాయి. బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి.

మరి ఏం చేయాలి? గూట్లో చిన్న ఎల్.ఇ.డి. బల్బు చాలు. తెల్లవారకముందే వెలిగించండి. సాయంత్రం వెలిగించి హఠాత్తుగా ఆర్పితే కోళ్లు చీకట్లో దండెం ఎక్కలేవు. మొదటివారం అరగంట, ఆపైన వారానికో అరగంట పెంచుతూ మొత్తం వెలుతురు 14 గంటలకు తీసుకురండి. రోజూ ఒకే వేళ పాటించండి. తీగలు కోళ్లకు అందకూడదు. గడ్డి దగ్గర కిరోసిన్ దీపం అసలే వద్దు.

ఫలితానికి రెండు మూడు వారాలు ఆగాలి. నూకలు, తవుడుతోపాటు కాస్త వేరుశనగ చెక్క, ఆల్చిప్పల పొడి, శుభ్రమైన నీళ్లు పెట్టండి. మేత చాలకపోతే వెలుతురొక్కటీ ఏమీ చేయలేదు.

గిరిరాజ, వనరాజా, గ్రామప్రియ వంటి కోళ్లలో ఈ మార్పు బాగా కనిపిస్తుంది. నాటు పెట్ట కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటే దీపం దాన్ని లేపలేదు. అది దాని స్వభావం. ఈకలు రాలుస్తున్న కోడికి విశ్రాంతి ఇవ్వండి. అయిదు నెలలు నిండని పిల్లపెట్టలకు ఈ దీపం వద్దు. ఒళ్లు ముదరకముందే గుడ్డుకొస్తే గుడ్డు చిన్నదవుతుంది, గర్భం జారే ప్రమాదమూ ఉంది. కోడి తూలుతున్నా, మేత మానినా పశువైద్యుడికి చూపించండి.

గూటి దగ్గర గోడమీద రోజూ గుడ్ల లెక్క గీసి పెట్టండి. నెల తిరిగాక ఆ గీతలు చూసి, పెట్టను అమ్మాలో ఉంచాలో మీరే తేల్చుకోండి.