క్యామ్ కొనేముందు టాకోమీటర్ చూడండి

అమెరికాలో పాత షెవర్లేలకు, ముఖ్యంగా 350 క్యూబిక్ అంగుళాల (5.7 లీటర్ల) వి8 ఉన్నవాటికి, జోరు పెంచాలనుకునేవాళ్లు ముందుగా చేయి వేసేది క్యామ్‌షాఫ్ట్ మీదే. కేటలాగు తెరిస్తే పెద్ద అంకె మీదికే మనసు పోతుంది. రోజూ రోడ్డెక్కే బండికి మాత్రం ఆ అంకె కంటే ఇంజన్ ఎక్కువసేపు ఎన్ని ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుందన్నదే ముఖ్యం.

క్యామ్‌తో వచ్చే కార్డు చదవడం ఇలా

కాంప్ క్యామ్స్ సంస్థ అమ్మే ఎక్స్‌ఈ268హెచ్‌నే తీసుకుందాం. ఇన్‌టేక్ డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే వ్యవధి, 268 డిగ్రీలు, ఎగ్జాస్ట్‌ది 280. ఈ కొలతను ఒక్కో సంస్థ ఒక్కో చోట మొదలుపెడుతుంది. అందుకే రెండు సంస్థల క్యామ్‌లను పోల్చాలంటే లిఫ్టర్ 0.050 అంగుళం లేచిన దగ్గర్నుంచి లెక్కించిన డ్యూరేషన్ చూడాలి. దీనికది 224/230.

ఇన్‌టేక్ లిఫ్ట్ 0.477 అంగుళం. లోబ్ ఎత్తు 0.318ని రాకర్ నిష్పత్తి 1.5తో హెచ్చిస్తే వచ్చేది అదే. 1.6 రాకర్లు వేస్తే 0.509 అవుతుంది. అప్పుడు వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు రిటైనర్ సీలుకు తగులుతుందా, స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుంటున్నాయా అని కొలిచి చూసుకోవాలి.

ఓవర్‌లాప్: 54 డిగ్రీలు

268, 280 కూడి 4తో భాగిస్తే 137. అందులోంచి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల నడుమ కోణమైన లోబ్ సెపరేషన్ 110 తీసేసి, మిగిలిన 27ని రెట్టింపు చేస్తే 54. అన్ని డిగ్రీలపాటు రెండు వాల్వులూ కొంత తెరిచే ఉంటాయి. ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు బయటికి పోయే పొగ కొత్త మిశ్రమాన్ని లోపలికి లాగుతుంది. ఐడిల్‌లో అదే పొగ ఇన్‌టేక్‌లోకి వెనక్కి తంతుంది. ఇంజన్ ఊగుతుంది, బ్రేక్ బూస్టర్‌కు అందాల్సిన వాక్యూమ్ తగ్గుతుంది. లోబ్ సెపరేషన్ 114 అయితే ఓవర్‌లాప్ 46కి దిగి, ఐడిల్ నిలకడగా ఉంటుంది.

ఇన్‌టేక్ మూసుకునేదెప్పుడు?

ఇన్‌టేక్ సెంటర్‌లైన్ 106 దగ్గర పెడితే ఈ క్యామ్‌లో పిస్టన్ అడుగు తాకి పైకి బయల్దేరాక 60 డిగ్రీలకు గానీ ఇన్‌టేక్ వాల్వ్ మూసుకోదు. అదే శ్రేణిలోని 256లో 54 డిగ్రీలకే మూసుకుంటుంది. ఆలస్యమైనకొద్దీ తక్కువ వేగంలో కొంత మిశ్రమం వెనక్కి పోయి, సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది. కంప్రెషన్ 8.5:1 మాత్రమే ఉన్న 1970ల ఇంజన్లలో ఇది బాగా తెలుస్తుంది.

గేర్ల లెక్క

ఇక బండి ఎన్ని ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుందో చూద్దాం. గంటకు మైళ్లలో వేగాన్ని యాక్సిల్ నిష్పత్తితో, 336తో హెచ్చించి, టైరు వ్యాసంతో (అంగుళాల్లో) భాగిస్తే టాప్ గేర్ నిష్పత్తి 1:1 ఉన్న బండి ఆర్‌పీఎం వస్తుంది. 60 మైళ్ల వేగం, 3.08 యాక్సిల్, 26 అంగుళాల టైరు అనుకుంటే దాదాపు 2,390. నిష్పత్తి 0.70 ఉన్న 700ఆర్4 గేర్‌బాక్సు ఓవర్‌డ్రైవ్‌లో అది 1,670కి పడిపోతుంది. యాక్సిల్ 3.73 అయితే ఓవర్‌డ్రైవ్‌లోనూ 2,020 ఉంటుంది.

ఎక్స్‌ఈ268హెచ్ పనిచేసే పరిధి 1,600 నుంచి 5,800 ఆర్‌పీఎం అని సంస్థ చెబుతుంది. అంటే ఓవర్‌డ్రైవ్ ఉన్న 3.08 బండి హైవే మీద ఆ పరిధి అంచునే తిరుగుతుంది. దానికి అదే శ్రేణిలోని, 1,300 దగ్గరే అందుకునే 262 మేలు. 3.73 బండికైతే 268 సరిపోతుంది.

ఏది ఎంచుకున్నా ఇవి ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌లు. కొత్త లిఫ్టర్లు, జింక్ ఎక్కువున్న నూనె తప్పనిసరి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదిలేయకుండా 20 నిమిషాలపాటు 2,000 ఆర్‌పీఎంకు పైన నడిపితేనే లోబులు అరిగిపోకుండా కుదురుకుంటాయి.