పేజీ ఎక్కడ తెగాలి?

చింతలపూడి మండలంలోని తమ్మిలేరు జలాశయం చూసి వచ్చి, ఆ నీరు కొల్లేరు చేరే దారిని గురించి మీరొక చిన్న పుస్తకం రాశారనుకోండి. అందులో కొల్లేటి పట్టిక ఒకటి వుంది. పట్టిక తలవరుసలో 'సముద్రమట్టంపై ఎత్తు, అడుగులలో', 'విస్తీర్ణం, చదరపు కిలోమీటర్లలో' అని వుంది. దాని కింద 5కు ఎదురుగా 308, 10కి ఎదురుగా 901 వున్నాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఆ 5 అడుగుల హద్దు వరకే.

కంప్యూటరు తెర మీద అంతా చక్కగానే వుంది. పీడీఎఫ్‌గా మార్చి అచ్చు తీస్తే తలవరుస ఒక పేజీ అడుగున ఒంటరిగా మిగిలింది. అంకెలు మరో పేజీకి పోయాయి. ఆ రెండో పేజీ ఒక్కటే చూసినవారు 5 మీటర్లనుకుంటే? అది 16 అడుగుల పైమాటే! హద్దే మారిపోతుంది.

ఇలా ఎందుకు జరిగింది? హెచ్‌టీఎంఎల్ వంటి గుర్తుల భాషలో మనం 'ఇది శీర్షిక', 'ఇది పట్టిక' అని మాత్రమే చెబుతాం. తెర మీది రచన బట్టల కొట్లోని తానులాంటిది, ఎంతైనా సాగుతుంది. కాగితానికి మాత్రం కొలత వుంది. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పైనా కిందా 20 చొప్పున వదిలితే మిగిలేది 257. వరుసకు 6 మిల్లీమీటర్లయితే 42 వరుసలు పడతాయి. 43వది తర్వాతి పేజీకి పోవలసిందే. యంత్రం ఎత్తును లెక్కిస్తుంది గాని అర్థాన్ని ఎరగదు.

అయితే ఎంటర్ మీటను నాలుగుసార్లు నొక్కి పట్టికను కిందికి తోస్తే సరిపోదా? సరిపోదు. రేపు పైన రెండు వాక్యాలు చేర్చారంటే ఆ ఖాళీ పేజీ నడిమికి వచ్చి కూర్చుంటుంది! కనుక ఎక్కడ తెంచాలో కాదు, ఏవి కలిసి వుండాలో చెప్పాలి. హెచ్‌టీఎంఎల్‌కు తోడుగా వుండే సీఎస్ఎస్‌లో ఇందుకు ఆజ్ఞలున్నాయి. 'బ్రేక్-ఆఫ్టర్: అవాయిడ్' అంటే దీని తర్వాత తెంచకు అని. శీర్షికకు ఇది పెట్టాలి. 'బ్రేక్-ఇన్‌సైడ్: అవాయిడ్' అంటే మధ్యలో తెంచకు అని. చిన్న పట్టికకు ఇది చాలు. పట్టిక పేజీకన్నా పొడవైతే తెగక తప్పదు. అప్పుడు తలవరుసను 'టీహెడ్' గుర్తులో వుంచితే అది ప్రతి పేజీలోనూ మళ్లీ కనిపిస్తుంది.

అమెరికా శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన 'టెక్' అనే ప్రోగ్రాములో మరో తమాషా వుంది. అది పేజీ తెంపడానికి వీలున్న ప్రతి చోటుకూ జరిమానా వేస్తుంది. జరిమానా 10,000 అయితే అక్కడ ఎన్నడూ తెంచదు. మైనస్ 10,000 అయితే తప్పక తెంచుతుంది. పేరాలోని చివరి వరుస ఒక్కటే పై పేజీకి పోయే చోట మామూలు జరిమానా 150. తెంపవచ్చు గాని, తెంపకపోతే మేలని దాని అర్థం.

ఒక ప్రయోగం చేయండి. మీ పుస్తకంలోని వట్టి ఖాళీలన్నీ తీసేసి, ఈ ఆజ్ఞలు చేర్చి, ఒకసారి ఏ4 కొలతలోనూ మరోసారి దానిలో సగమైన ఏ5లోనూ పీడీఎఫ్ తీయండి. అన్ని ప్రోగ్రాములూ ఈ ఆజ్ఞలను ఒకే తీరున పాటించవు. అందుచేత ప్రతి పేజీ అడుగునూ ఒకసారి కళ్లారా చూడండి. రెండింటిలోనూ అంకెలు తలవరుసను విడవకుండా వున్నాయా? అయితే మీ పట్టిక ఏ కాగితం మీదనైనా నిజమే చెబుతుంది.