పాటకు పెద్దపీట

అతి పాతది: 1176. హనుమకొండలో కాకతి రుద్రదేవుడు ఏలుతున్న రోజులు. అదే ఏడాది క్రిస్మస్‌కి వేల్స్‌లోని కార్డిగన్ కోటలో రీస్ ప్రభువు కవులకూ, వాద్యగాళ్లకూ పోటీ పెట్టాడు. ఏడాది ముందే ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌లలో కూడా చాటింపు! గెలిచినవాళ్లకు రెండే రెండు కుర్చీలు. ఒకటి కవికి, ఒకటి సంగీతకారుడికి. ఇలాంటి పోటీకే పేరు ఐస్తెద్‌వోద్.

అతి పెద్దది: జాతీయ ఐస్తెద్‌వోద్. 1861లో అబర్‌డేర్‌లో మొదలైంది. ఏటా ఆగస్టు మొదటి వారంలో 8 రోజుల సంబరం. సుమారు 6,000 మంది పోటీదారులు, లక్షన్నర మంది జనం. వేదిక మీద వినపడేది వెల్ష్ భాష ఒక్కటే. 2021 లెక్కల ప్రకారం ఆ భాష వచ్చినవాళ్లు వేల్స్ మొత్తం మీద 5 లక్షల 38 వేలు!

అతి కఠినమైనది: కవి కుర్చీ. పద్యంలో ప్రతి పాదానికీ హల్లుల పొందిక గానీ, లోపలి ప్రాస గానీ, రెండూ గానీ కుదరాలి. యతిప్రాసలతో కుస్తీ పట్టినవాళ్లకు ఆ కష్టం తెలుస్తుంది. తగిన పద్యం రాకపోతే ఆ ఏడు కుర్చీ ఎవరికీ లేదు. గెలిచింది ఎవరో చివరి క్షణం దాకా గుట్టే. బాకాలు మోగుతాయి, ప్రేక్షకుల మధ్య నుంచి ఒకరు లేచి నిలబడతారు. ఒరలోంచి సగం లాగిన కత్తి కింద ప్రధాన పురోహితుడు మూడుసార్లు అడుగుతాడు, శాంతి ఉందా అని. ఉందని వేల గొంతులు బదులిచ్చాక గాని కవి కూర్చోకూడదు. 1861 నుంచి లెక్కేస్తే ఈ కుర్చీ ఎక్కిన తొలి మహిళ మెరెరిద్ హాప్‌వుడ్. అదీ 2001లో, 140 ఏళ్లకు!

అన్నింటికన్నా విషాదం: 1917, బర్కెన్‌హెడ్. బాకా మోగింది, విజేత మారుపేరు పిలిచారు. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. లేవలేదు. గెలిచిన గొర్రెల కాపరి కవి హేద్ విన్ అయిదు వారాల కిందటే, జూలై 31న, బెల్జియం యుద్ధభూమిలో కన్నుమూశాడు. వయసు 30. ఖాళీ కుర్చీకి నల్లగుడ్డ కప్పారు. దాన్ని చెక్కిన శిల్పి బెల్జియం నుంచే వచ్చిన కాందిశీకుడు. ఆ కుర్చీ నేటికీ కవి పెరిగిన ఇంట్లో భద్రంగా ఉంది. వేల్స్ వెళితే తప్పక చూడాల్సింది అదే.

అతి పెద్ద గొంతు: 1872లో వెల్ష్ కమ్మరి, గాయక బృంద నాయకుడు కారడాగ్ సుమారు 450 మంది గాయకులతో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కి వెళ్లాడు. అక్కడ జరిగిన బృందగాన పోటీకి ఇంకెవరూ రాలేదు! మరుసటి ఏడు ప్రత్యర్థులు వచ్చారు. వాళ్లనూ ఓడించాడు.

చిన్న ఊరు, పెద్ద పేరు: వేల్స్‌లోని లాంగోలెన్. 1947 నుంచి ప్రపంచమంతా వచ్చి పాడే ఊరు. 1955లో ఇటలీ మోడెనా బృందంలో తండ్రి పక్కన పాడి గెలిచిన 19 ఏళ్ల కుర్రాడే తర్వాత ఒపెరా గాయకుడిగా పేరు మోసిన లూసియానో పవరొట్టి.

అతి దూరం: అర్జెంటీనా. 1865లో ఓడెక్కి వెళ్లిన సుమారు 150 మంది వెల్ష్ వలసదారుల వారసులు చుబుత్‌లో ఇప్పటికీ ఐస్తెద్‌వోద్ జరుపుతున్నారు. వేల్స్ నుంచి దాదాపు 12,000 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రోడ్డు మీద ఎనిమిదిసార్లు వెళ్లినంత!

ఇక మనవాళ్ల సంగతి. 1914లో అబరిస్ట్‌విత్ కాలేజీ ఐస్తెద్‌వోద్‌లో కుర్చీ గెలిచింది 19 ఏళ్ల డొరోతీ బోనర్జీ, బరేలీలో పుట్టిన బెంగాలీ అమ్మాయి. ఆ కాలేజీలో కుర్చీ గెలిచిన తొలి మహిళ ఆమే.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట: జాతీయ ఉత్సవం ఒక ఏడు ఉత్తరాన, మరో ఏడు దక్షిణాన జరుగుతుంది, ఊరు కనుక్కుని బయల్దేరండి. భాష రాకపోయినా బెంగ లేదు, చెవిలో పెట్టుకునే అనువాద యంత్రాలు అక్కడే ఇస్తారు.