కాలిఫోర్నియా కూతురు

నాలుగేళ్ళ క్రితం నాన్నని విజయవాడలో ఐసీయూలో పెట్టారని ఫోన్ వస్తే, న్యూజెర్సీ నుంచి దొరికిన ఫ్లైట్ పట్టుకుని పరిగెత్తాను. ఊపిరితిత్తులు పాడై మూడేళ్ళుగా ఆక్సిజన్ మీద ఉన్న మనిషి. ఆ మూడేళ్ళూ చూసుకున్నది అక్క. "నన్ను మళ్ళీ ఆ గొట్టాల్లోకి పంపొద్దమ్మా" అని తనతో అన్నారట. నాతోనూ ఒకసారి ఫోన్‌లో చెప్పబోతే, "ఇప్పుడెందుకు నాన్నా ఈ మాటలు?" అని మాట మార్చేశాను.

అక్క ఆ మాట డాక్టర్లకి చెబుతుంటే నేనే అడ్డుపడ్డాను. "ఎంత ఖర్చయినా ఫర్లేదు, వెంటిలేటర్ పెట్టండి."

పదకొండు రోజులు. గొట్టం పీకేసుకుంటారని చేతులు మంచానికి కట్టారు. ఒక్క మాటైనా మాట్లాడకుండానే నాన్న వెళ్ళిపోయారు. అక్క నన్ను ఏమీ అనలేదు.

నాలాంటి వాళ్ళకి డాక్టర్లు ఓ పేరు పెట్టారని తర్వాతెప్పుడో తెలిసింది: 'డాటర్ ఫ్రమ్ కాలిఫోర్నియా సిండ్రోమ్'. 1991లో అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ పత్రికలో ఆ పేరుతోనే వ్యాసం వచ్చింది. ఎక్కడో దూరాన ఉండే కూతురు చివరి ఘడియల్లో దిగి, దగ్గరుండి చూసుకున్నవాళ్ళ మాట కాదని, చేయగలిగిందంతా చేయాల్సిందేనని పట్టుబట్టడం. చదువుతుంటే నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టుంది.

పోయిన వేసవిలో అమ్మ మా ఇంటికి వచ్చింది. ఓ మధ్యాహ్నం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అడిగింది: "మీ దేశంలో చావడానికి మందిస్తారటగా?"

ఇస్తారు, కానీ అన్ని రాష్ట్రాల్లో కాదు, అందరికీ కాదు. ఒరెగాన్‌లో ఓటర్లు 1994లో ఒప్పుకున్న చట్టం 1997లో అమల్లోకి వచ్చింది. మెదడులో కేన్సర్ వచ్చిన 29 ఏళ్ళ బ్రిటనీ మేనార్డ్ ఆ చట్టం కోసమే కాలిఫోర్నియా వదిలి ఒరెగాన్‌కి ఇల్లు మారి, 2014 నవంబరులో అక్కడే కన్నుమూసింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా కూడా అలాంటి చట్టం చేసింది. మా న్యూజెర్సీలో 2019 నుంచి ఉంది. ఆరు నెలలకి మించి బతకరని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. రోగి తెలివిలో ఉండి తానే అడగాలి, మందు తానే వేసుకోవాలి. కూతురు అడిగితే ఇవ్వరు.

వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్ళలో చాలామంది దీన్ని వ్యతిరేకిస్తారు. భారం అవుతున్నామన్న బెంగే చివరికి కోరికగా మారుతుందని వాళ్ళ భయం. 'ఎవరికీ భారం కాకుండా పోవాలి' అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రోజూ అనే మాటే కదా! అందుకే అమ్మని అడిగాను, "నీకు కావాలనా, మా మీద జాలా?" అని.

"నాకు మందెందుకే. మీ నాన్నకి చేసినట్టు నాకు చేయకుండా ఉంటే చాలు."

అమ్మ అడిగింది వేరే సంగతి. చావుకి మందివ్వడం మన దేశంలో నేరం. కోలుకునే ఆశ లేనప్పుడు చికిత్స ఆపమనడం మాత్రం హక్కు. అదీ తేలిగ్గా రాలేదు. 2004లో హైదరాబాదులో కండరాల జబ్బుతో మంచాన పడ్డ చెస్ ఆటగాడు వెంకటేష్ కోరిక మేరకు, అవయవాలు పనికొచ్చేలా ఉండగానే దానం చేయనివ్వమని అతని తల్లి హైకోర్టుకెక్కింది. కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. 2018లో సుప్రీంకోర్టు, గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందుగా రాసిపెట్టుకునే 'లివింగ్ విల్'ని ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం చాలు. మన తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు అందులో రాయాలి. చికిత్స ఆపే ముందు ఆసుపత్రిలో రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

అమ్మ విజయవాడ వెళ్ళి రాయించుకుంది. నొప్పి తెలియకుండా మందులివ్వండి, వెంటిలేటర్ వద్దు, వీలైతే ఇంట్లోనే. మొదటి పేరు అక్కది, రెండోది నాది.

"నువ్వు ప్రేమకొద్దీ అడ్డం పడతావే" అంది ఫోన్‌లో. గుచ్చుకుంది. కానీ నిజం.

అమ్మానాన్నలు రెండు దేశాల మధ్య తిరుగుతుంటే ఇక్కడి కాగితం అక్కడ నడుస్తుందిలే అనుకోకండి. ఏ దేశానిది ఆ దేశంలో రాయించండి. కాగితం కంటే ముందు, దగ్గరుండి చూసుకుంటున్న అక్కనో వదిననో "ఏమన్నారు?" అని అడగండి.

గతవారం నా హెల్త్ కేర్ ప్రాక్సీ ఫారం తీసుకుని సియాటిల్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకమ్మా ఈ మాటలు?" అంది.

నేను ఫోన్ పెట్టేయలేదు. "కూర్చో, చెబుతాను" అన్నాను.